కేస్కర్ గారి రేడియో, మన ఉస్తాదులు

కొన్నేళ్ళ కిందట ఒక ఉర్స్ సావనీర్‌కి చిన్న మజ్మూన్ రాసిచ్చాను. సంగీతంలో మన బుజుర్గుల ఖిద్మత్ గురించి. అందులో ఒక పేరా బి.వి. కేస్కర్ మీద. పూర్తి పేరు బాలకృష్ణ విశ్వనాథ్ కేస్కర్. 1952 నుంచి 1962 దాకా కేంద్ర సమాచార ప్రసార మంత్రి. ఆకాశవాణిలో ఏం వినపడాలో ఏం వినపడకూడదో పదేళ్ళు తన పసంద్ ప్రకారం నడిపించిన మనిషి. మైకు ముందు కూర్చుని పాటలు వేసే అనౌన్సర్ కాదు గానీ, దేశం మొత్తానికి ఒకే రేడియో ఉన్న రోజుల్లో ఆ రేడియో మొత్తం ఆయన రాయ్ మీద నడిచింది. పైగా సంగీతం మీద రాసిన నక్కాద్ కూడా.

ఆ పేరాలో నేను ఆయన మీద నాలుగు ఇల్జాములు పెట్టాను. హార్మోనియంను రేడియో నుంచి తరిమేశాడు. తవాయిఫ్‌లను తరిమేశాడు. సినిమా పాటను తరిమేశాడు. ఇవన్నీ ఎందుకు చేశాడంటే ముసల్మానులు ఈ దేశపు సంగీతాన్ని పాడుచేశారని ఆయన నమ్మకం. గుస్సాతో రాసిన పేరా. చదివినవాళ్ళు తారీఫ్ చేశారు. ఫోన్లు కూడా వచ్చాయి.

ఒక్క ఫోన్ మాత్రం వేరేగా వచ్చింది. కదిరిలో నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు. రిటైరై చాలా కాలమైంది. సంగీతం వినే మనిషి.

"ఏం నాయనా, హార్మోనియం రేడియోలో ఏ సంవత్సరం నుంచి లేదు?"

"కేస్కర్ వచ్చినాక కదా సార్. యాభై రెండు, యాభై మూడు."

"చూసి రాసినావా, విని రాసినావా?"

విని రాశాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒకటి గలత్ అని తేలితే మిగతా మూడూ చూడాలి కదా. ఆ వెతుకులాటలో తెలిసిందే ఈ మజ్మూన్. కేస్కర్ తరఫున వకాలత్ అనుకోవద్దు. నాలుగో ఇల్జామ్ దగ్గరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

హార్మోనియం కథ ముందు. ఆకాశవాణి దాన్ని నిషేధించింది 1940 మార్చిలో. అప్పటికి కేస్కర్ మంత్రి కావడానికి పన్నెండేళ్ళుంది. రేడియో పెద్దగా ఉన్నది లయొనెల్ ఫీల్డెన్ అనే ఇంగ్లీషాయన. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసిన జాన్ ఫౌల్డ్స్ అనే ఇంకో ఇంగ్లీషాయన అంతకు ముందే దానికి వ్యతిరేకంగా రాశాడు. రవీంద్రనాథ్ టాగూర్ కూడా 1940 జనవరిలో కలకత్తా రేడియోకి ఉత్తరం రాసి, ఆ పెట్టెను స్టూడియోలోంచి తీసేయమన్నాడు. వాళ్ళ వాదన ఇది: హార్మోనియంలో ఒక్కో మెట్టుకి ఒక్కో స్వరం బిగించి ఉంటుంది. రెండు స్వరాల మధ్య జారడం, ఊగడం దానికి రాదు. మన రాగాల ప్రాణం ఆ మధ్యలోనే ఉంది. వాదనలో బలం లేదని ఎవరూ అనలేరు. సారంగీ పక్కన హార్మోనియం పెట్టి వింటే చెవికే తెలుస్తుంది.

కానీ ఆ నిషేధం పడింది ఎవరి మీదో చూడండి. మన పక్క కడప జిల్లాలో సురభి అనే ఊళ్ళో 1885లో పుట్టిన నాటక సమాజం ఊరూరా తిరిగింది. పద్యనాటకం అంటే స్టేజీ పక్కన హార్మోనిస్టు కూర్చోవాల్సిందే. రాగం తీసే నటుడికి శ్రుతి అందించేది అతనే. ఇటు పెనుకొండలో బాబయ్య స్వామి దర్గా. హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ ఉర్స్‌కి ఖవ్వాలీ పార్టీ వస్తే ముందు బండి దిగేది హార్మోనియమే. రాయలసీమ పల్లెలో సంగీతం అన్న మాటకి ముఖం ఈ చెక్కపెట్టే. దానికి రేడియోలో ముప్పై ఏళ్ళు జగా లేదు. 1971లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు, అదీ షరతులతో. ఈ ముప్పై ఏళ్ళలో కేస్కర్ వాటా పదేళ్ళు. ఆ తలుపు తెరవలేదన్నంత వరకే ఆయన తప్పు. మూసింది ఆయన కాదు.

తవాయిఫ్‌ల సంగతి ఇంకా తొందరగా తేలింది. సొంత జీవితం బదనాం అయినవాళ్ళు రేడియోలో పాడకూడదు అన్న ఉత్తర్వు 1946 నాటిది. తాత్కాలిక ప్రభుత్వంలో హోం శాఖతో పాటు ప్రసార శాఖ కూడా సర్దార్ పటేల్ చేతిలో ఉన్నప్పుడు వచ్చింది. గొప్ప గొప్ప గొంతులు దానివల్ల రేడియోకి దూరమయ్యాయి. అది నేను కేస్కర్ ఖాతాలో రాసేశాను. ఆయనకు ఆ ఉత్తర్వు మీద షికాయత్ ఏమీ లేదన్నది నిజమే. కానీ షికాయత్ లేకపోవడం వేరు, ఉత్తర్వు వేయడం వేరు.

మూడోది సినిమా పాట. ఇది మాత్రం ఆయనదే, పూర్తిగా ఆయనదే. 1952లో రాగానే సినిమా పాటలకు ఇచ్చే సమయాన్ని మొత్తం ప్రసారంలో పదో వంతుకి కోసేశారు. పాట వేసినప్పుడు సినిమా పేరు చెప్పకూడదన్నారు, అది ఉచిత ప్రకటన అవుతుందని. నిర్మాతలకు కోపం వచ్చి ప్రసార హక్కులు వెనక్కి తీసుకున్నారు. కొన్ని నెలల్లో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయం. అంటే ఒక్క కలం పోటుతో నిషేధించారన్నది కూడా సరికాదు. సగం పని మంత్రి జిద్ చేసింది, సగం నిర్మాతల జిద్ చేసింది.

జనం ఊరుకుంటారా? సముద్రం అవతల సిలోన్ ఉంది. కొలంబో షార్ట్‌వేవ్ ఇక్కడికి చక్కగా అందేది. మా దాదా కదిరిలో శెనక్కాయల వ్యాపారం చేసేవాడు. ఆయన పోస్టాఫీసులో లైసెన్సు కట్టి కొన్న రేడియోలో ముల్లు ఎక్కువ కాలం నిలబడింది సిలోన్ మీదనే అని అబ్బా చెప్పేవాడు. పొద్దున ఎనిమిదికి ముందు పాత సినిమా పాటల చివర సైగల్ పాట. అది అయిపోయిందంటే మండీకి బయల్దేరే టైం అయిందని ఇంట్లో గడియారం చూసుకునేవాళ్ళు కాదట. బుధవారం రాత్రి బినాకా గీత్‌మాలా. 1952 డిసెంబర్‌లో మొదలైంది. ఆ ప్రోగ్రాం చేసిన అమీన్ సయానీకి అప్పటికి ఇరవై ఏళ్ళు. వాళ్ళ అమ్మ కుల్సుం సయానీ గాంధీజీ ప్రోత్సాహంతో 'రహబర్' అనే పత్రికను నాగరి, ఉర్దూ, గుజరాతీ లిపుల్లో నడిపిన తల్లి. ఇంటి తహజీబ్ అంటే అది. ఆ సాదాసీదా హిందుస్తానీ జబాన్ అతని గొంతులో ఇల్లిల్లూ తిరిగింది. కదిరిలో దఖ్ఖనీ తప్ప తెలియని మా దాదీకి కూడా అతని మాట అర్థమయ్యేది. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఢిల్లీలో సినిమా పాటకు తలుపు మూసిన ఆ ఏడే, ఒక ముసల్మాన్ కుర్రాడికి కొలంబో మైకు దొరికింది.

కేస్కర్ ఓడిపోయానని నోటితో ఒప్పుకోలేదు గానీ చేత్తో ఒప్పుకున్నారు. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. సినిమా పాట వెనక్కి వచ్చింది, ఆయన మంత్రిగా ఉండగానే. ఈ మాట నా పాత పేరాలో లేదు.

ఇక నాలుగోది. మాస్టారు దీని గురించి ఏమీ అడగలేదు. అడగనక్కర్లేదు, ఆధారం అచ్చులో ఉంది. మంత్రి పదవి పోయాక 1967లో కేస్కర్ 'ఇండియన్ మ్యూజిక్: ప్రాబ్లమ్స్ అండ్ ప్రాస్పెక్ట్స్' అని ఒక పుస్తకం వేశారు. అందులో ఆయన రాయ్ సాఫ్‌గా ఉంది. ఉత్తరాదిన సంగీతం ముసల్మాన్ గాయకుల చేతికి పోయాక సంస్కృత శాస్త్రంతో తెగిపోయిందని, ఖాందాన్ల గుట్టుగా మారిందని, రూహానియత్ పోయి భోగ వస్తువు అయిందని, చివరికి వేశ్యల, వాళ్ళ దళారుల పాలైందని. ఆ మాటలు మొదటిసారి చదివినప్పుడు నాకు చెవులు వేడెక్కాయి. ఇప్పుడు చదివినా వేడెక్కుతాయి. ఇది ఎవరో ఆయనకు అంటగట్టిన మాట కాదు, ఆయన సొంత కలం.

గుస్సా పక్కన పెట్టి, చరిత్ర చెప్పేది చూద్దాం. శాస్త్రం తెలియదన్నారు. పదిహేడో శతాబ్దంలో, ఔరంగజేబు కాలంలో, ఫకీరుల్లా అనే అమీర్ గ్వాలియర్ రాజు మాన్‌సింగ్ నాటి 'మాన్ కుతూహల్' గ్రంథాన్ని ఫారసీలోకి తెచ్చి 'రాగ్ దర్పణ్' రాశాడు. అంతదూరం వద్దు, మన దక్కన్ చూడండి. బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రాహీం ఆదిల్ షా 1580 నుంచి 1627 దాకా ఏలాడు. పెనుకొండ తర్వాతి కాలంలో ఆ బీజాపూర్ చేతికే వచ్చింది. ఆయన దఖ్ఖనీలో రాసిన 'కితాబె నౌరస్' రాగాలవారీగా పాటల పుస్తకం. అందులో సరస్వతికి స్తుతి ఉంది. నౌరస్ అన్న పేరే నవరసాలది. శాస్త్రం తెలియనివాడు పెట్టుకునే పేరు కాదది.

రూహానియత్ పోయిందన్నారు. కేస్కర్ గారికి అన్నిటికంటే ఇష్టమైనది ధ్రుపద్. ఆయన స్వయంగా నేర్చుకున్నది అదే. ఆ ధ్రుపద్‌ను ఇరవయ్యో శతాబ్దం దాకా మోసుకొచ్చిన ఖాందాన్లలో ముందు చెప్పుకోవాల్సింది డాగర్లను. ముసల్మానులు. దేవుడి పేరుతో ఆలాపన మొదలుపెట్టి గంటసేపు తాళం లేకుండా పాడే ఆ పాటలో రూహానియత్ లేదంటే ఇంకెక్కడ ఉందో నాకు తెలియదు.

దక్షిణాది సంగతి ఆయన లెక్కలోకే రాలేదు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరం మీద త్యాగరాజ కృతులు వాయించి తంజావూరు వాళ్ళనే మెప్పించాడు. శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. కోస్తా జిల్లాల్లో తరాల తరబడి దేవళాల్లో నాదస్వరం వాయించిన సాయిబుల ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. షాస్త్రియ మౌసీఖీకి, ఇస్లాం పేరుకి మధ్య గోడ ఉందనుకున్నవాళ్ళు ఒకసారి ఆ ఇళ్ళకు వెళ్ళి రావాలి.

గుట్టు అన్న మాటలో మాత్రం కొంత హకీకత్ ఉంది. దాన్ని దాచితే ఇన్సాఫ్ కాదు. ఉస్తాదులు అరుదైన బందిష్‌లను కొడుకులకు, మేనల్లుళ్ళకు తప్ప చెప్పని రోజులున్నాయి. పొట్టకూటి భయం అది. దర్బారులు మూతపడుతున్నాయి, చేతిలో ఉన్న ఒకే ఆస్తి ఆ పాట. భాత్‌ఖండే వంటివాళ్ళు ఊరూరా తిరిగి ఒక్కో బందిష్ రాసుకోవడానికి పడిన పాట్లు అందరికీ తెలుసు. అయితే ఇచ్చినవాళ్ళూ ఉన్నారు కదా. ఇవ్వకపోతే ఆ సంపుటాలు ఎక్కడివి?

ఆ మాటకొస్తే ఇంకో సంగతి. కేస్కర్ ఖాందాన్ కంటే కాలేజీ డిగ్రీని ఎక్కువ నమ్మారు. రేడియో కళాకారులకు గ్రేడులు పెట్టే ఆడిషన్ బోర్డు వేశారు. పేరున్న ఉస్తాదులు కూడా పరీక్షకు కూర్చోవాలా అని పెద్ద రగడ జరిగింది. ఆ బోర్డు పెద్ద ఎస్.ఎన్. రతన్‌జన్‌కర్. భాత్‌ఖండే శిష్యుడు, లక్నో కాలేజీ ప్రిన్సిపాల్. డిగ్రీల మనిషి అనుకుంటాం. కానీ ఆయన బరోడా వెళ్ళి షాగిర్ద్‌గా కూర్చున్నది ఉస్తాద్ ఫయ్యాజ్ ఖాన్ దగ్గర. ఆగ్రా ఘరానా ఉస్తాద్. కేస్కర్ పుస్తకంలో ఒకలా రాశారు, తన బోర్డుకి పెద్దగా మాత్రం ఒక ముసల్మాన్ ఉస్తాద్ షాగిర్ద్‌ను పెట్టుకున్నారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు.

ఆయన ఎవరో కాస్త చెప్పాలి. 1903లో పూనాలో పుట్టారు. కాశీలో చదువు చెప్పారు, పారిస్ సోర్బాన్‌లో డాక్టరేట్ చేశారు. నెహ్రూ మంత్రివర్గంలో అదే కాలంలో విద్యాశాఖ మౌలానా ఆజాద్ చేతిలో ఉంది. ఆజాద్ జవానీలో సితార్ నేర్చుకున్న మనిషి. అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉండి రాసిన 'గుబారె ఖాతిర్' చివరి ఉత్తరం పూర్తిగా మౌసీఖీ మీదనే. సంగీత నాటక అకాడమీ ఆయన హయాంలో వచ్చింది. ఒకే కేబినెట్, ఇద్దరు సంగీత ప్రియులు, ఒకే చరిత్రను చూసిన రెండు చూపులు.

చేసిన పనులు కూడా లెక్కలో వేద్దాం. 1952 జులైలో నేషనల్ ప్రోగ్రాం ఆఫ్ మ్యూజిక్ మొదలైంది. శనివారం రాత్రి ఒకే కచేరీ దేశమంతా. ఒక వారం కర్ణాటకం, ఒక వారం హిందుస్తానీ. అంతకు ముందు బడే గులాం అలీ ఖాన్ గొంతు వినాలంటే నవాబు ఇంట్లో దావత్ ఉండాలి, లేదా బొంబాయి టికెట్టు ఉండాలి. ఇప్పుడు ధర్మవరం మగ్గం ముందు కూర్చున్నవాడికీ, హిందూపురం బెల్లం మండీలో గుమాస్తాకూ వినే హక్కు వచ్చింది. 1954లో ఆకాశవాణి సంగీత సమ్మేళనం. ముసల్మానుల మీద అంత తాస్సుబ్ ఉన్న మంత్రి రేడియోలో ఆ పదేళ్ళూ ఉస్తాదుల పేర్లు వినపడుతూనే ఉన్నాయి. విలాయత్ ఖాన్ లాంటివారు చాలాకాలం ఆకాశవాణికి దూరంగా ఉన్నారన్నదీ నిజమే. కానీ ఉస్తాదులను రేడియోలోంచి తుడిచేశాడని నేను రాసింది అబద్ధం.

సినిమా పాటకు బదులుగా లలిత సంగీతం తయారు చేయండని ఆయన పెట్టించిన యూనిట్లు హిందీలో పెద్దగా నిలబడలేదు. తెలుగులో మాత్రం బాగా పండింది. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ. హైదరాబాద్‌లో కృష్ణశాస్త్రి. 'ఈ మాసపు పాట' నేర్చుకుని స్కూల్లో పాడిన పిల్లలు మన ఇళ్ళలో కూడా ఉన్నారు, వాళ్ళకిప్పుడు డెబ్బై ఏళ్ళు. సాహిత్యంవాళ్ళను ప్రొడ్యూసర్లుగా రేడియోలోకి తెచ్చే పద్ధతి కూడా ఆయన కాలానిదే. ఆకాశవాణిలో పనిచేసిన దాశరథి కృష్ణమాచార్య 1961లో 'గాలిబ్ గీతాలు' ఇచ్చాడు. ఉర్దూ చదవడం రాని మన తెలుగు ముస్లిం ఇళ్ళకు గాలిబ్ సాహెబ్ ఆ దారిలోనే వచ్చాడు. దాశరథి ఎహసాన్‌ను కేస్కర్ ఖాతాలో వేయను. కానీ ఆ రేడియో ఉట్టి దుష్మన్ ఇల్లు అయితే అందులో అలాంటి మనుషులు ఉండేవాళ్ళు కాదు.

ఇంత రాశాక ఒక చేదు సంగతి రాయకపోతే సగం గవాహీయే అవుతుంది. కేస్కర్ రాసిన దాంట్లో నన్ను ఎక్కువ పొడిచింది 'వేశ్యలు, దళారులు' అన్న మాట. మరి మన షరీఫ్ ఖాందాన్లు ఏమన్నాయి? మా ఇంట్లోనే చూశాను. పెనుకొండ ఉర్స్‌లో ఖవ్వాలీకి తెల్లారిందాకా తల ఊపిన పెద్దలు, ఇంటి పిల్లాడు హార్మోనియం నేర్చుకుంటానంటే "మీరాసీ అవుతావా" అని కొట్టారు. మా ఖాందాన్‌కి నాదస్వరం వాయించే సాయిబుల ఇంటి సంబంధం వస్తే, "బాజావాళ్ళకి పిల్లనిస్తామా" అని తిప్పి పంపారు. ఆ పిల్లాడు గవర్నమెంటు ఉద్యోగి, నమాజీ. సంగీతం హరామా హలాలా అన్న బహస్ ఉలమా చూసుకుంటారు, నాకు ఆ ఇల్మ్ లేదు. కానీ ఆ రోజు తిప్పి పంపింది దీన్ పేరుతో కాదు, జాత్ పేరుతో. ఉస్తాద్ బడా అయ్యి ఢిల్లీలో బిరుదు తీసుకుంటే "మనవాడు" అంటాం. పక్క ఊళ్ళో సన్నాయి ఊదుకుంటే మనవాడు కాడు. కేస్కర్ చూపుకీ మా పెద్దల చూపుకీ మధ్య దూరం నేను అనుకున్నంత లేదు.

కేస్కర్ 1962లో మంత్రి పదవి వదిలారు. 1963లో ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో రామ్ మనోహర్ లోహియా చేతిలో ఓడిపోయారు. 1984లో పోయారు. ఆయన రాయ్ ప్రకారం సంగీతాన్ని పాడుచేసిన జమాతుకు చెందిన బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ 1968 ఏప్రిల్‌లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. బషీర్‌బాగ్‌లో చివరి రోజులు గడిపి, హైదరాబాద్ మట్టిలోనే కలిశారు. 1962లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చిన ప్రభుత్వంలో కేస్కర్ పదేళ్ళు మంత్రి.

సావనీర్ రెండోసారి అచ్చు వేస్తున్నామని ఆ కమిటీవాళ్ళు పోయిన నెల అడిగారు. ఆ పేరాలో మూడు ఇల్జాములు కొట్టేసి, తారీఖులు వేసి తిరగరాశాను. నాలుగోది ఉంచాను, పుస్తకం పేరుతో సహా. కాపీ మాస్టారికి పంపాను. రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది.

"ఇప్పుడు బాగుంది నాయనా. అయితే ఆ సంబంధం సంగతి సావనీర్‌లో లేదే?"

"కమిటీలో మా చిన్నాయన ఉన్నాడు సార్."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఈ శనివారం రాత్రి రేడియోలో కచేరీ ఎవరిది, తెలిస్తే చెప్పమన్నారు.